సీటు వెనక రాడ్డు, పుల్లీకి నాలుగు గాట్లు

2023 వానాకాలం. ఇస్నాపూర్‌లో ఫ్యాక్టరీలకు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, నా గ్యారేజీ. నా దగ్గరికి వచ్చేవన్నీ షిఫ్టు బస్సులు, ట్రాలీ ఆటోలు. అయితే చిన్నప్పుడు పాత విదేశీ కార్ల షెడ్డులో పనిచేసిన పుణ్యాన ఒక జపాన్ స్పోర్ట్స్ కారు పిచ్చి నాకు పట్టింది. రెండే సీట్లు, మడిచేసే పైకప్పు, స్విచ్చి నొక్కితే కప్ప కళ్లలా పైకి లేచే హెడ్‌లైట్లు. అందులో తొలి రకానికీ తర్వాతి రకానికీ బయటి పోలిక ఒక్కటే. ఆ తేడా చెప్పగలనని నాకు కాస్త పేరుంది. ఆ పేరును అందరికంటే ఎక్కువ నమ్మింది నేనే.

ఒక పొద్దున అలాంటి ఎర్ర బండినే తెచ్చి షెడ్డులో దింపారు. వెనకే ఆటోలో పద్మక్క దిగింది. సంగారెడ్డిలో ధాన్యం వ్యాపారం చేసే కుటుంబం. భర్త విశ్వనాథం గారు పోయి అప్పటికి రెండేళ్లు. వయసులో ఉన్నప్పుడు ఆయన, తన దేశానికి వెళ్లిపోతున్న ఒక విదేశీ ఇంజనీరు దగ్గర ఈ రకం కారు కొన్నారట. వడ్లు అమ్మే మనిషికి ఒక్క బస్తా కూడా పట్టని కారేమిటని బజారంతా నవ్విందట.

"మరెందుకు అమ్మిండు అక్కా?"

"కవల పిల్లలు పుట్టిండ్రు తమ్మీ. ఇద్దరు పట్టే బండిల నలుగురం ఎట్ల కూసుంటం? అమ్మిన నాడు అన్నం గూడ తినలే." కొంగుతో బానెట్ మీది తడి తుడుస్తూ అడిగింది. "గా అమ్మేటాయన ఇది మీ బండే అంటున్నడు. కాయితాలు గప్పుడే పోయినయి. నంబరు మారింది. మా ఆయనది తొలి రకం, గది మాత్రం ఎరుక. సాయంత్రం దాక టైమిచ్చిండు. ఇది ఆయన బండైతేనే కొంట. లేకుంటె నాకెందుకు, నాకు నడపస్తదా ఏంది?"

బానెట్ ఎత్తాను. ఇంజన్ ముందు బెల్టును తిప్పే చక్రాన్ని క్రాంక్ పుల్లీ అంటాం. దానికి నాలుగు గాట్లుంటే తొలి రకం, ఎనిమిదుంటే తర్వాతిది. టార్చి వేసి చూస్తే నాలుగే.

"తొలి రకమే అక్కా, డౌటే లేదు" అన్నాను, డాక్టరు మగపిల్లాడని చెప్పినంత గొప్పగా.

ఆమె ముఖం వెలిగిపోయింది. ఎడమ సీట్లో కూర్చుంది. చేతిలో నా కోసం తెచ్చిన సర్వపిండి డబ్బా. చూడకుండానే, అలవాటుగా, ఆ డబ్బాను భుజం మీదుగా సీటు వెనక్కి పెట్టబోయింది. ఠంగ్‌మని తగిలింది.

"తమ్మీ, గీ రాడ్డేంది?"

"ఏ రాడ్డు?"

"గిది. గప్పుడు లేకుండె. దినాం ఆయన టిఫిన్ గిట్లనే పెడుతుంటి."

వెళ్లి చూసి గతుక్కుమన్నాను. బాడీ ఊగకుండా సీట్ల వెనక అడ్డంగా బిగించే బ్రేస్ బార్ అది. తర్వాతి రకంలోనే కంపెనీ వేసింది. బోల్టులు విప్పిన ఆనవాలు లేదు, ఫ్యాక్టరీ బిగింపే. బాడీ తర్వాతిది, ఇంజన్ తొలిది. ఎవరో మార్చారు. నా పాండిత్యం పుల్లీ దగ్గరే పల్టీ కొట్టింది.

"తప్పు చెప్పిన అక్కా. ఇది ఆయన బండి కాదు. ఇంజన్ మాత్రం వేరే బండిది."

ఆమె డబ్బాను ఒళ్లో పెట్టుకుంది. తర్వాత హ్యాండ్‌బ్యాగులోంచి పసుపు మరకల కవరు తీసింది. అందులో పాతబడిన కాగితం ముక్క, దాని మీద పెన్సిల్ ముద్ర. బండి అమ్మేటప్పుడు ఆర్టీవో ఆఫీసులో ఇవ్వడానికి, లోహంపై చెక్కిన నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుతారు. ఏజెంట్లు చెడిపోతుందని ఎప్పుడూ ఒకటి ఎక్కువ తీస్తారు.

"దేవుని అర్రల దాసుకున్నడు. గిది దేని నంబరో జెర సూడు."

కాగితం మూలన ఏజెంటు చేతిరాత: ఇంజన్.

ఇంజన్ బ్లాకు వెనక మడ్డిని డీజిల్‌తో కడిగి, ఇరుకులో చెయ్యి దూర్చి కొత్త ముద్ర తీశాను. మోచెయ్యి గీరుకుపోయింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. ఈసారి నోరు తెరవలేదు. ఆమే కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో అంకె మీదా వేలు జరిపింది. రెండింటిలోనూ ఏడు అంకె కొద్దిగా పక్కకు వాలి ఉంది.

"ఆయనదే" అంది మెల్లగా. తర్వాత నవ్వింది. "ఇల్లు మారిండు, గంతే."

నేను తాళం అందుకున్నాను.

"స్టార్ట్ చెయ్, గని రేస్ ఇయ్యకు. ఇంజన్ వేడెక్కెదాక ఆయన ఇయ్యకపోతుండె."

ఇవ్వలేదు. రేకుల మీద వాన పడుతుంటే, ఇంజన్ వేడెక్కేదాకా ఇద్దరం సర్వపిండి తింటూ నిలబడ్డాం.

బండి ఆమె కొంది. నేర్పడానికి నన్నే కుదుర్చుకుంది. ఇప్పటికీ క్లచ్ తొక్కడం మరచిపోతుంది, నన్నే తిడుతుంది. ఇక నేను నేర్చుకున్నదంటారా, పాత బండి ఏది వచ్చినా ఇప్పుడు ముందు బానెట్ ఎత్తను. దాన్ని ఎరిగిన మనిషిని సీట్లో కూర్చోమని, చేతులు ఎటు పోతాయో చూస్తాను.