తంబాకు దగ్గనుకున్న రోజులు

బీడీలకు నానబెట్టిన తునికాకు వాసన ఎక్కడ తగిలినా, కామారెడ్డి బస్టాండులో పక్కన కూర్చున్న ఆడమనిషి ఒళ్లోని మూట నుంచి వచ్చినా సరే, నాకు మొదట గుర్తొచ్చేది ఎల్లారెడ్డిలో మా బడి పెద్దసారు హాజరు జెండా దించిన పొద్దు. మా తరగతి గుమ్మం మీద వెదురు కర్రకు కట్టి ఉన్న ఆ పసుపుపచ్చ గుడ్డను, ఆయన కుర్చీ ఎక్కి తన చేత్తోనే విప్పి, మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"దగ్గున్నోళ్లు, ఒళ్లు ఎచ్చగున్నోళ్లు ఇప్పుడే ఇండ్లకు పోండ్రి. మంచిగయ్యేదాంక రావద్దు. జెండా ఇగ ఎవ్వలికీ లేదు" అన్నాడు.

జ్వరం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ కలిసి ఏడ్చాం.

ఆ జెండా మాకేమిటో చెప్పాలి. వారమంతా ఒక్కరూ మానకుండా వచ్చిన తరగతికి శనివారం నాడు అది దక్కేది. జెండా ఉన్నవాళ్లే గంట కొట్టాలి, మధ్యాహ్నం అన్నానికి వాళ్లే ముందు నిలబడాలి. పిల్లలు పత్తి ఏరడానికో బీడీ ఆకు కత్తిరించడానికో ఇంట్లో ఆగిపోతుంటే చూడలేక పెద్దసారు ఆలోచించి పెట్టిన పద్ధతి అది. పని చేసింది కూడా. వానాకాలంలో చెప్పులు చేత పట్టుకుని, యూరియా సంచిని గొంగడిలా నెత్తిన కప్పుకుని, పిక్కల దాకా బురదతో వచ్చేవాళ్లం. ఎవరైనా రాకపోతే నలుగురం కలిసి వాళ్లింటికి పోయి, కప్పుకున్న చెద్దరు గుంజి, "జెండా పోతదే, లెవ్వే" అని లేపుకొచ్చేవాళ్లం. ఒళ్లు కాలుతున్నా ఫరవాలేదు, మూలన కూర్చోబెడితే హాజరు పడుతుంది కదా.

మా వాడలో ఇంటింటా బీడీలే. పొద్దున వంట ముగియగానే ఆడవాళ్లంతా చాటలు చంకన పెట్టుకుని మా అరుగు మీదికి చేరేవారు. దానికి రేకుల కప్పు ఉండేది కాబట్టి ఎంత వాన పడ్డా చాటలోని తంబాకు తడవదు. మధ్యలో స్తంభానికి వీపు ఆనించి మా అవ్వ కూర్చునేది. ఆమె వేళ్లు ఆకు చుడుతూ దారం కడుతూ ఉండగానే కండ్లు తోవ మీద పోయే ప్రతి మనిషినీ పలకరించేవి, నోరు ఆ మనిషి మూడు తరాల సంగతులు విప్పేది. చుట్టూ కత్తెరల కిచకిచ, తడి ఆకు వాసన, దాని మీద ముక్కు పొడిచే తంబాకు ఘాటు. ఎండ పడిన చోట ఆ నుసి గాలిలో బంగారు రంగులో తేలుతూ కనిపించేది. దానికి అందరూ దగ్గేవారు. దగ్గడం మా వాడలో జబ్బు కాదు, మాట్లాడటం లాంటిది. అవ్వ దగ్గు ఎంత అలవాటంటే, అది వినబడకపోతే ఆమె ఇంట్లో లేదనుకుని బయట వెతికేవాళ్లం.

ఆ ఏడు వానలు వెనక్కి తగ్గి, చేన్ల గట్ల మీద గునుగు తెల్లగా పూసే వేళకు పిల్లలకు దగ్గు పట్టుకుంది. అరుగు మీద ఆడవాళ్లు ముచ్చటించుకుని తీర్పు చెప్పేశారు: పోరగాండ్లకు తంబాకు పడుతలేదు, బడికి తోలితే గాలి మారుతది. బడిలో సార్లదీ అదే ఆలోచన. బీడీల ఇండ్ల పిల్లలు, పాపం నుసికి దగ్గుతున్నారు, ఇంటికన్నా ఇక్కడే నయమని గంట కొట్టాక కూడా మమ్మల్ని ఆపి, జల్లు పడకుండా కిటికీలు మూసి, ఎక్కాలు చదివించేవారు. నీళ్ల కుండ మీద అందరికీ ఒకటే లోటా. ఇల్లు తన నుసి నుంచి మమ్మల్ని తప్పించడానికి బడికి పంపితే, బడి అదే నుసి నుంచి తప్పించడానికి మమ్మల్ని ఒక గదిలో దగ్గర దగ్గరగా కూర్చోబెట్టింది. ఇద్దరూ మా మంచి కోరే చేశారు.

ఈ లెక్క తప్పని తేల్చింది నా పక్కన కూర్చునే తస్లీమా వాళ్లమ్మ. వాళ్లది గాజుల దుకాణం. మేమంతా ఆమెను పిన్ని అన్నట్టు ఖాలా అనేవాళ్లం. ఆ పొద్దున ప్రార్థన కాగానే ఆమె బిడ్డను రెక్క పట్టుకుని మా గదిలోకే వచ్చింది.

"సార్ సాబ్, నా పోరిది తంబాకు దగ్గన్నరట. మా ఇంట్ల గాజులున్నయి, తంబాకు ఏడిది?"

"పక్కిండ్ల నుంచి వచ్చిందేమో అమ్మా."

"పక్కకు దర్జీ దుకాణముంది. సూదికి దగ్గొస్తదా? ఇగో, చెయ్యి పెట్టి చూడుండ్రి."

పెద్దసారు తస్లీమా నుదుటి మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు. తర్వాత వరుస వెంట నడుస్తూ ఒక్కొక్కరి నుదురూ ముట్టి చూశాడు. మా ఇండ్ల పిల్లలకూ అదే వేడి. చివరి పిల్లవాడి దగ్గర ఆగి, కుర్చీ తెమ్మన్నాడు. జెండా దిగింది అప్పుడే.

పొద్దు నెత్తి మీదికి రాకముందే ఇంటికొచ్చిన నన్ను చూసి అరుగు మీద అమ్మ కత్తెర ఆపింది. "ఏందే, అన్నం గంట గొట్టకముందే ఉరికొచ్చినవ్?" జెండా దించిన సంగతి, కొంచెం దగ్గుందని నన్నూ పంపేసిన సంగతి వెక్కుతూ చెప్పి, ఎప్పటిలా అవ్వ ఒడిలో తల పెట్టాను. చీర కుచ్చిళ్ల నుంచి తంబాకు వాసన, ఆకు తడి, వాటితో పాటు, ఎండలో కాగిన బండకు చెంప ఆనించినట్టు వేడి.

"అమ్మా, అవ్వ ఒళ్లు కాలుతుంది."

"నీ మొఖమే కాలుతుందే పోరీ, ఏడ్సి ఏడ్సి" అంది అవ్వ, చేతిలోని బీడీ చుడుతూనే. కానీ ఆ బీడీ ఆమె వేళ్ల మధ్య విచ్చుకుపోయింది. అమ్మ వంగి చాటలోకి చూసింది. పొద్దటి నుంచి అవ్వ చుట్టినవన్నీ వదులుగా, ముడి సరిగా పడకుండా ఉన్నాయి. ఆమె దగ్గు అందరూ విన్నారు. అందులో కొత్త దగ్గు కలిసిందని ఎవరికీ తోచలేదు.

నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన అప్పుడు దుబాయిలో ఉన్నాడు. అమ్మ అవ్వను ఊరి దవాఖానకు తీసుకుపోతే, అక్కడ ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, వెంటనే కామారెడ్డికి పొమ్మన్నారు. నన్ను పక్కింటి పెద్దమ్మ దగ్గర వదిలి ఇద్దరూ బస్సెక్కారు. ఆ తర్వాతి రోజుల్లో బస్సు హారను వినబడినప్పుడల్లా నేను వాకిట్లోకి ఉరికేదాన్ని. పెద్దమ్మ నా ముందు జొన్న గట్క కలిపి పెట్టి, "తిను బిడ్డా. నువ్వు తింటే మీ అవ్వకు బలమొస్తది" అనేది, నేను నమ్మి తినేదాన్ని. రాత్రి అరుగు మీద దగ్గు వినబడని ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ భయమే.

ఆ రోజుల్లోనే బడీ వాడా కలిసి పద్ధతి మార్చుకున్నాయి. బాగున్న పిల్లలకు పాఠాలు గదిలో కాకుండా వరండాలో, ఎడం ఎడంగా. కిటికీలు మూసుకోకుండా ఇటుకలు అడ్డం పెట్టారు. లోటాను మేకుకు తగిలించి, ఎవరి గిలాస వాళ్లనే తెచ్చుకోమన్నారు. సాయంత్రం పెద్దసారు సైకిలు మీద వాడకొచ్చి, లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి, "నీళ్లు తాగుతున్నదా? ఊపిరి ఎగపోస్తున్నదా?" అని ఒక్కో ఇంటినీ అడిగేవాడు. ఎగపోస్తున్న పిల్లలుంటే ఆ మాట తానే దవాఖానకు మోసుకుపోయేవాడు.

అరుగు ఖాళీ అయింది. ఎవరి గడపలో వాళ్లు చాట వేసుకుని, ఇదివరకు చెవిలో చెప్పుకునే గుసగుసలను తోవ ఈ పక్క నుంచి ఆ పక్కకు అరిచి చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఎవరి అల్లుడు ఎందుకు అలిగాడో ఆ వారం మా వాడ కుక్కలకు కూడా తెలిసిపోయింది. అసలు కష్టం ఆకు ఇచ్చే బీడీ కార్ఖానాతో. తెచ్చిన ఆకు వేళకు బీడీలై తిరిగి పోకపోతే మళ్లీ ఆకు ఇవ్వరు. అందుకని జ్వరం ఉన్న ఇండ్ల ఆకును బాగున్న ఇండ్లవాళ్లు పంచుకుని చుట్టి, ఎవరి కట్టలు వాళ్ల పేరు మీదే అప్పజెప్పి వచ్చారు. అవ్వ ఆకు పెద్దమ్మ చుట్టింది.

అవ్వ తిరిగొచ్చిన బస్సు హారను నేను వినలేదు. గిలాస పట్టుకుని బడి నుంచి వస్తుంటే, పందిరి కింద మంచం మీద ఆమె కనిపించింది, సగమైపోయి. ఉరకబోతే అమ్మ ఆపింది. ఇంకొన్నాళ్లు దూరం నుంచే మాట్లాడాలట. "ఇంకో రెండు దినాలు అరుగు మీదనే ఉంచితే నా చేతుల ఉండకపోవు" అన్నాడట డాక్టరు. అది ఫ్లూ అనీ, పిల్లలు తొందరగా తేరుకుంటారనీ, నుసితో ముందే అలసిన ముసలి ఛాతీ అంత తేలిగ్గా తేరుకోదనీ చెప్పాడట. నేను వాకిలి ఈ చివర, అవ్వ ఆ చివర. ఆమె మాట్లాడదు, వేడినీళ్లు గుక్కెడు తాగి పక్కకు తిరుగుతుంది.

ఒక పొద్దున అమ్మ కార్ఖానాకు పట్టుకుపోయే గంప దించి కట్టలు సర్దుతుంటే, అవ్వ మోచేతి మీద లేచి ఒక కట్ట అడిగి తీసుకుంది. వెలుగుకు పట్టి చూసింది.

"ఎవ్వలు చుట్టిండ్రే ఇవి? బీడీలా, చీపురు పుల్లలా? నా పేరు మీద ఇవి పోతే నేను సచ్చిన్ననే అనుకుంటరు గదనే!"

అమ్మ నవ్వుతూనే ఏడ్చింది. గోడ అవతల నుంచి పెద్దమ్మ, "తిడుతుందా? అయితే బతికినట్టే, ఇగ మన బతుకే ఆగం" అని అరిచింది. ఆ ఏడు బతుకమ్మను అవ్వ ఆడలేదు. మంచం మీద నుంచే తంగేడు పూల వరుస వంకరైందని తప్పు పట్టింది, నేను అందించిన మలీద ముద్ద తిని బెల్లం తక్కువైందంది. తస్లీమా కోలుకుని వచ్చి నాకు ఎర్రగాజులు తొడిగింది. వాడలో ఎవరూ పోలేదు.

మొన్న ఎల్లారెడ్డి పోయాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగు పోయింది. అవ్వ ఆ జ్వరం తర్వాత చాలా ఏండ్లు బతికి, ఒక మధ్యాహ్నం నిద్రలో పోయింది. పెద్దసారు జేబులోకి వెళ్లిన జెండాను మళ్లీ ఎవరూ చూడలేదు. పెద్దమ్మ కోడలు, నాకు వదిన, ఇంట్లో టీవీ ముందు ఒక్కతే చాట వేసుకుని ఉంది. లోపలి గదిలో కిటికీ తెరిచి ఉంది, దాని కింద ఆమె బిడ్డ జ్వరం తగ్గుముఖం పట్టి, జావ తాగి పడుకుంది. దగ్గు మొదలైన పూటే నుదురు ముట్టి చూసి, బడి మాన్పించిందట. జ్వరం ఉంటే పంపొద్దు, హాజరు గురించి దిగులు వద్దు అని బడి నుంచి ఫోనుకు వచ్చిన మాటను వదిన నాకు వినిపించింది. ఎంత తేలికైందో నా ప్రాణం.

బిడ్డ కోసం రెండు దినాలు ఆకు ముట్టలేదని, ఇవాళ చీకటి పడేలోపు అంతా చుట్టి ఇవ్వాలని చెప్తూ ఆమె మళ్లీ చాట మీదికి వంగింది. పంచుకుని చుట్టడానికి ఇప్పుడు ఆ వాడలో బీడీల ఇండ్లు లేవు. బిడ్డకు జ్వరమొస్తే తల్లి చుట్టే బీడీల కోసం ఎన్నాళ్లు ఆగుతుందో కార్ఖానా ఇంకా చెప్పలేదు.