కంపార్ట్‌మెంట్ ఉప్మా

మొన్న స్టాఫ్ మీటింగులో నవ్వకూడని చోట నవ్వాను. ప్రిన్సిపల్ గారు తెర మీద మా స్కూలు జాతకం చూపిస్తున్నారు. ఒమాన్‌లోని ఇండియన్ స్కూళ్లన్నిటినీ ఏటా ఒక వరసలో నిలబెట్టి కొలుస్తారు: పన్నెండో తరగతి ఎంతమంది పాసయ్యారు, ఏ సబ్జెక్టులో సగటు ఎంత, ఎంతమందికి కాలేజీలో సీటొచ్చింది. ఈ చివరి దానికి ఈమధ్య 'కాలేజ్ రెడీనెస్' అని పేరు పెట్టారు. పిల్లలు కాలేజీకి తయారయ్యారో లేదో దాంతో తేలిపోతుందట. తెర నిండా ఏడాదికొక నిలువు గీత, అన్నీ పైదాకా లేచి ఉన్నాయి. మధ్యలో ఒక్కటి మాత్రం కాస్త పొట్టిది. కొత్తగా చేరిన కోఆర్డినేటర్ అమ్మాయి దాని మీద లేజర్ ఎర్ర చుక్క తిప్పుతూ, "ఈ ఇయర్ ఎవరో ఒక స్టూడెంట్‌కి కంపార్ట్‌మెంట్. అది తప్పితే మనది ఎప్పుడూ హండ్రెడ్ పర్సెంటే" అంది.

ఆ ఎవరో నేనే. నవ్వు రాక ఏమవుతుంది? అందరూ తిరిగి చూశారు. దగ్గినట్టు నటించి నీళ్లు తాగాను.

ఇప్పుడు అదే స్కూల్లో పదకొండు, పన్నెండు తరగతులకు కామర్స్ చెబుతున్నాను. స్కూలు పేరు చెప్పను, ఎక్కడుందో కూడా చెప్పను. మా ఇల్లు మాత్రం అప్పుడు మస్కట్‌లో దార్సైట్ అనే పేటలో ఉండేది. స్కూలు బస్సెక్కి చాలా దూరం పోయేదాన్ని. మా నాన్న, నేను పిలిచేది బాపు అని, ఘాలా అనే ఇంకో పేటలో ఒక వర్క్‌షాపులో ఆటో ఎలక్ట్రీషియన్. తెల్లవారుజామున కంపెనీ బస్సు మా సందు మొదట్లో ఆగి హారన్ కొట్టేది. ఆ హారన్ మా ఇంటి అలారం. బాపు ఒక చేత్తో టిఫిన్ క్యారియర్, ఇంకో చేత్తో చెప్పులు పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తేవాడు. చెప్పులు తొడుక్కుని దిగవచ్చు కదా అని అమ్మ రోజూ అనేది. అతను రోజూ అలాగే దిగేవాడు. సాయంత్రం డ్యూటీ నుంచి వస్తే ఒంటి మీద గ్రీజు, బ్యాటరీ యాసిడ్ కలిసిన వాసన. ఇప్పటికీ ఏదైనా గ్యారేజీ ముందు నుంచి పోతే అడుగు నెమ్మదిస్తుంది నాకు.

మాది జగిత్యాల వైపు పల్లె. ఊళ్లోవాళ్లు చాలామంది మస్కట్ చుట్టుపక్కలే సైట్లలో పనిచేసేవారు, రూముల్లో ఉండేవారు. పెళ్లాంబిడ్డల్ని తెచ్చుకోగలిగిన వాళ్లలో బాపు ఒకడు. అందుకని శుక్రవారం సెలవు వస్తే మా ఇంట్లో చాపలన్నీ పరచాల్సి వచ్చేది. వచ్చినవాళ్లంతా నన్ను ఒకటే అడిగేవారు: "ఏం బిడ్డా, మంచిగ సదువుతున్నవా?" మంచిగానే చదువుతున్నా అని చెప్పి వంటింట్లోకి తప్పుకునేదాన్ని. లెక్కలు నాకు బద్ధశత్రువు. ఇంటిగ్రేషన్ గుర్తు కనిపిస్తే పేజీ తిప్పేసేదాన్ని.

పన్నెండో తరగతిలో, బోర్డు పరీక్షలకు ముందు స్కూలే పెట్టే ప్రీబోర్డులో లెక్కలు తప్పాను. చిన్నగా తప్పడం కూడా కాదు, ఘనంగా తప్పాను. సూపర్‌వైజర్ మేడం బాపును పిలిపించారు. ఆవిడ చెడ్డమనిషేం కాదు. ఆవిడ నెత్తిన కూడా ఎవరో కూర్చుని ఉంటారని ఇప్పుడు నాకు బాగా తెలుసు. అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆవిడ హిందీలో చాలా మర్యాదగా చెప్పారు: ఈ అమ్మాయి కాలేజీకి రెడీగా లేదు, ఈసారి స్కూలు తరఫున రాయించకండి, వచ్చే ఏడాది ప్రైవేటుగా కట్టించండి, మా రిజల్ట్ దెబ్బతింటుంది.

బాపు అంతా విన్నాడు. చేతిలోని టోపీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రెడీ లేకుంటే రెడీ చేద్దాం మేడం. ఇంకా టైమున్నది గదా. మాఫీ ముష్కిల్" అన్నాడు. ఫర్వాలేదు అనడానికి గల్ఫులో అందరూ వాడే అరబ్బీ మాట అది.

ఆవిడ మళ్లీ మొదట్నుంచీ చెప్పారు. బాపు మళ్లీ మాఫీ ముష్కిల్ అన్నాడు. వర్క్‌షాపు యజమాని అర్బాబ్‌తో ఇన్నేళ్లు వేగిన మనిషి, ఆవిడ ఏం గెలుస్తుంది! చివరికి నన్ను రాయనిచ్చారు.

రాశాను. రిజల్ట్ వచ్చిన రోజు ఇంట్లో కంప్యూటర్ లేదు, పక్కింటి ఖాలా ఫోన్‌లో చూశాను. ఖాలా వాళ్లది కడప. పెళ్లికి ముందు అక్కడ హైస్కూల్లో లెక్కలు చెప్పేది. నాకు అన్నీ పాస్, లెక్కలకు ఎదురుగా మాత్రం 'కంపార్ట్‌మెంట్'. మా బోర్డులో ఒక్క సబ్జెక్టు తప్పితే ఫెయిల్ అని రాయరు, కంపార్ట్‌మెంట్ అంటారు. సెలవుల్లో మళ్లీ పెట్టే పరీక్ష రాసి గట్టెక్కితే ఏడాది దక్కుతుంది. తప్పితే పోతుంది. స్కూలు మళ్లీ చేర్చుకోదు, కాలేజీ ముఖం చూడనే చూడదు. కరీంనగర్‌లో బీకాంకు సీటు మాట్లాడి పెట్టాడు మా మేనమామ. అదంతా ఆ ఒక్క మాటకు వేలాడుతోంది.

బాపు డ్యూటీ నుంచి రాగానే చెప్పాలి. ఎలా చెప్పడం? ఫెయిల్ అన్న మాటకు నోరు పెగల్లేదు. వెక్కుతూ, "బాపూ, కంపార్ట్‌మెంట్ వచ్చింది" అన్నాను.

బాపు ముఖం వెలిగిపోయింది. "కంపార్ట్‌మెంట్ వచ్చిందా! మరేడుస్తవేందే పిచ్చిదానా?" అని నా తల మీద చెయ్యేసి ఊపాడు. వంటింట్లోకి చూసి, "ఇన్నవా, బిడ్డకు కంపార్ట్‌మెంట్ వచ్చిందట!" అని కేకేశాడు. అమ్మ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి దేవుడి పటానికి దండం పెట్టింది.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడుపు ఆగిపోయింది.

విషయం ఏమిటంటే, మా ఊరి వైపు పరీక్ష తప్పినవాడు ఫేలు, వాడు మళ్లీ రాసేది సప్లిమెంటరీ. కంపార్ట్‌మెంట్ అన్నది బాపు జీవితంలో ఒక్క చోటే విన్నాడు, తిరుమలలో. నా చిన్నప్పుడు ఒక సెలవుకు ఇంటికి పోయినప్పుడు అందరం కొండకు వెళ్లాం. క్యూలో నడిచి నడిచి, చివరికి మమ్మల్ని ఒక పెద్ద హాల్లోకి పంపి గేటు వేశారు. దాన్నే కంపార్ట్‌మెంట్ అన్నారు. జనం చాపలు పరుచుకుని, పిల్లల్ని పడుకోబెట్టుకుని, గంటలకొద్దీ కూర్చున్నారు. సేవకులు వచ్చి పాలు ఇచ్చారు, ఉప్మా ఇచ్చారు. నేను బాపు ఒళ్లో నిద్రపోయాను. ఒక్కసారిగా గోవిందా గోవిందా అని హోరు లేచింది. గేటు తీశారు. బాపు నన్ను భుజాన వేసుకుని జనంతో కలిసి ఉరికాడు. అతని లెక్కలో కంపార్ట్‌మెంట్ వచ్చిందంటే దర్శనం ఖాయమైనట్టే.

మర్నాడు ఏం చేశాడో తెలుసా? సగం రోజు లీవు పెట్టి, మంచి ఒమానీ హల్వా పెట్టె కొని, నన్ను వెంటబెట్టుకుని స్కూలుకు తీసుకుపోయాడు. బాపూ వద్దు అంటే వింటేనా! నేను సిగ్గుపడుతున్నాననుకున్నాడు. సూపర్‌వైజర్ మేడం గదిలో గోడకు కట్టాల్సిన బ్యానర్ చుట్టి మూలన ఆనించి ఉంది. నూటికి నూరు అని ముందే రాయించి పెట్టుకున్నారు పాపం. బాపు హల్వా పెట్టె తెరిచి ఆవిడ ముందు పెట్టి, "మేడం, కంపార్ట్‌మెంట్ ఆయా. మూ మీఠా కరో" అంటూ నోరు తీపి చేసుకోమన్నాడు.

ఆవిడ ముఖం కందిపోయింది. వెటకారం చేస్తున్నాడనుకుంది. భూమి రెండుగా చీలితే దూకేద్దామని చూశాను నేను. ఆవిడ ఒక్కో మాట విడదీసి హిందీలో చెప్పింది: కంపార్ట్‌మెంట్ అంటే ఫెయిల్. మీ అమ్మాయి ఫెయిల్ అయింది. మా స్కూలంతటికీ ఒక్కర్తే.

బాపు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. తర్వాత చాలా నెమ్మదిగా, తెలుగులో, నన్ను అడిగాడు:

"మళ్ల రాసుడున్నదా?"

"ఉంది బాపూ. జూలైలో."

"గది రాస్తే కాలేజీకి పోవచ్చునా?"

"పోవచ్చు."

"మరి నేను అనుకున్నదాంట్ల తప్పేమున్నది? కంపార్ట్‌మెంట్ల వడ్డోళ్లను ఎన్కకు పంపరు బిడ్డా. కూసోబెడ్తరు, గంతే" అన్నాడు. మేడం వైపు తిరిగి, "హల్వా ఖావ్ మేడం, అచ్ఛా హై" అన్నాడు. ఆవిడ ఏమనుకుందో ఏమో, చిన్న ముక్క తీసి నోట్లో వేసుకుంది.

బయటికొచ్చాక ఎండ నెత్తి మాడ్చేస్తోంది. బస్టాపులో నిలబడ్డాం. అతను తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. నా పుస్తకాల సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు. అప్పుడు భోరున ఏడ్చాను.

ఆ ఎండాకాలం మా బిల్డింగ్ ఖాళీ అయిపోయింది. అందరూ సెలవుకు ఇండియా పోయారు. మేము మా టికెట్లు వద్దనుకున్నాం. ఖాలా కూడా ఆగిపోయింది, పైకి మాత్రం వాళ్లాయనకు లీవు దొరకలేదని చెప్పింది. రోజూ పొద్దున పుస్తకాలు పట్టుకుని ఆమె ఇంటికి పోయేదాన్ని. కూరగాయలు తరుగుతూనే లెక్క చెప్పేది. నేను తప్పు చేస్తే చాకు నా వైపు చూపించి, "యా అల్లా! ఏం పాపా, ఇంటిగ్రేషన్ చెయ్‌మంటే డిఫరెన్షియేషన్ చేస్తాండావే! ఎక్కమంటే దిగుతాండావే!" అనేది. ఆ చాకు భయానికి సగం లెక్కలు వచ్చాయి నాకు. మిగిలిన సగం ఆమె చేసే ఖుర్మా ఆశకు వచ్చాయి.

సాయంత్రం మా ఇల్లు కంపార్ట్‌మెంట్. ఆ పేరు బాపే పెట్టాడు. డ్యూటీ నుంచి రాగానే గుమ్మంలోంచే "గోవిందా!" అని అరిచేవాడు. నేను లోపల్నుంచి "గోవింద!" అనాలి. అనకపోతే నిద్రపోతున్నానని లెక్క. స్నానం చేసి పాలు కాచేవాడు. అమ్మ ఉప్మా చేసేది. రోజూ ఉప్మాయే. రెండు వారాలకు నాకు విసుగొచ్చి, "ఇదేం ఉప్మా బాబోయ్, ఇడ్లీ చెయ్యవే" అన్నాను. అమ్మ గరిటె దించకుండా, "మీ బాపు చెప్పిండు. గేటు తీసేదాక ఉప్మానే. నాకేమన్న సంబురమా?" అంది. ఆమెకు ఉప్మా అంటే పరమ అసహ్యం, అయినా మాతోపాటే తినేది. బాపు నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. టీవీ లేదు, ఫోన్ లేదు. నేను లెక్క చేస్తుంటే నా పెన్ను వైపే చూసేవాడు. నువ్వు పడుకో బాపూ అంటే, "నేను కూడ క్యూలున్న గదా" అనేవాడు. కాసేపటికి కూర్చున్నచోటే గురక పెట్టేవాడు.

ఎన్ని పండగలు చేసుకున్నానో తర్వాత, ఎన్ని హోటళ్లలో తిన్నానో. ఆ నాలుగు గోడల మధ్య ఉన్నంత బాగా మళ్లీ ఎక్కడా లేను. ఇది ఎవరికైనా చెబితే నమ్మరు. పరీక్ష తప్పిన ఏడాది గురించి ఇలా మాట్లాడే మనిషిని నేను కూడా నమ్మను.

పరీక్ష రాశాను. రిజల్ట్ మధ్యాహ్నం వచ్చింది. ఖాలా ఫోన్‌లో చూసి, నన్ను కౌగిలించుకుని, నాకంటే ముందు ఆమే ఏడ్చింది. వర్క్‌షాపులో ఫోన్ ఎత్తరని తెలిసినా బాపుకు చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. హలో కూడా అనలేదు.

"గేటు తీసిన్రా?"

"తీసిన్రు బాపూ."

అవతల నుంచి "గోవిందా!" అని కేక. వర్క్‌షాపులో మలయాళీలు, పాకిస్తానీలు, బంగ్లాదేశీలు కూడా ఏమీ తెలియకుండానే అతనితో పాటు అరిచారట. ఆ నెలే కరీంనగర్ పోయి బీకాంలో చేరాను.

మొన్న మీటింగయ్యాక కోఆర్డినేటర్ అమ్మాయిని అడిగాను, ఆ స్టూడెంట్ జూలైలో పాసైతే గీత పెరగదా అని. "లేదు మేడం, మొదటి రిజల్టే కౌంట్ చేస్తారు. సీటొచ్చిన వాళ్ల లెక్క కూడా జూన్‌లోనే క్లోజ్ అయిపోతుంది" అంది. అంటే ఆ కాగితాల ప్రకారం నేను ఇంకా తప్పినట్టే ఉన్నాను. కాలేజీకి ఇంకా రెడీ కాలేదు. కోపం వచ్చింది, ఎందుకు రాదు! మా అమ్మ తిన్న ఉప్మాకు లెక్కెక్కడ?

శుక్రవారం బాపు, అమ్మ భోజనానికి వచ్చారు. బాపు ఇప్పుడు అదే వర్క్‌షాపులో ఫోర్‌మన్, వచ్చే ఏడు చాలించుకుంటానంటున్నాడు. గ్రాఫు సంగతి చెప్పాను. ఇన్నేళ్లయినా ఆ ఒక్క గీత పొట్టిగానే ఉందని, అది నాదేనని చెప్పాను. అతను అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు.

"ఆ మీటింగుల నువ్వేడ కూసున్నవ్?"

"ఏముంది, మిగతా టీచర్లతో పాటే. ముందు వరసలో."

"లోపలనే గదా?"

"లోపలనే బాపూ."

"మరింకేంది" అన్నాడు. అమ్మ వైపు తిరిగి, పెరుగు అందుకోమన్నాడు.