తోలు డప్పు వెల

2025 ఆగస్టు 12, మంగళవారం, ఉదయం తొమ్మిదీ నలభై. మాదాపూర్ బస్టాపులో తోలు డప్పుతో ఒక పెద్దాయన నా పక్కన నిలబడ్డాడు. పదిన్నరకు ఎదుటి అద్దాల మేడలో, ఒక కంపెనీ వేడుకలో వాయించాలట. వాన చెమ్మకు తోలు వదులై మోగడం లేదు. తోలు కాచి బిగించడానికి ఆయన కాగితాలు పోగుచేసి మంట వేయగానే సెక్యూరిటీ మనిషి వచ్చి కాలితో ఆర్పేశాడు.

"మా తాతకు డప్పు ఉత్తగనే అయింది సారూ. తోలు, కట్టె ఊర్లనే దొరికేటివి. మా నాయిన ఒక మేకనిచ్చి చేయించుకుండు. నేను ఆరు వేలు పోసిన."

"ప్లాస్టిక్‌వి ఎనిమిది వందలకే వస్తున్నాయి కదా?" అన్నాను.

"మా అల్లుడు గదే కొన్నడు. మంట అక్కర్లే, వానకు ఫికర్ లేదు. బకెట్ కొట్టినట్టు మోగుతది!" అని నవ్వాడు.

బస్టాపు పక్కనున్న టీ బండి గ్యాసు పొయ్యి మీద కాచుకోమని సలహా ఇచ్చింది నేనే. గడ్డి మంటకు మెల్లగా బిగిసే తోలు, గ్యాసు సెగ తగలగానే నడుమ చిట్లింది. ఆయన చీలిక అంచులను రెండు వేళ్లతో దగ్గరికి చేర్చి, చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.

"నాకు ఎరుకే సారూ, గ్యాసు మీద పెట్టొద్దని. టైమైతున్నదని పరేషాన్ల పెట్టిన. నువ్వేం జేస్తవ్?"

తర్వాత ఫోన్ తీశాడు. "అల్లుడా, నీ డప్పు పట్టుకొని జల్ది రా."

పోయినది తోలు. మళ్లీ వేయించాలంటే నాలుగు వేలు, అది తన వల్ల కాదన్నాడు. దక్కినవి చెక్క చట్రం, ఆ పూట బేరం. నేనివ్వబోయిన ఐదు వందలు ఆయన తాకలేదు. అవి నా దగ్గరే మిగిలాయి.