ఆరో తీగ

మా ప్రొద్దుటూరు చర్చిలో రాక్ పాటలు వాయించిన మొదటివాడు మా పాస్టరు గారి అబ్బాయి. ఆరు తీగలుండాల్సిన అతని గిటారుకు ఐదే ఉండేవి. ఎన్నికలొస్తే రెండు పార్టీల వాళ్లూ జీపుల్లో వచ్చి తమ మీటింగులో పాడమనేవాళ్లు. కాదంటే ప్రాణానికే ముప్పు. అతను గిటారు చూపించి నవ్వేవాడు.

"లావు తీగ తెగిపోయిందన్నా, ఈడ యాడా దొరకదు. మీటింగుకు ఇదేం పనికొస్తాది?"

ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఇరవై రెండేళ్లకే జమ్మలమడుగు బస్సులో, ఎవరికో వేసిన బాంబుకు పోయాడు. తర్వాత గిటారు పెట్టె తెరిస్తే అవే లావు తీగలు, కొత్తవి నాలుగు, పొట్లాలు విప్పకుండా ఉన్నాయి.

అతని గిటారు మీద నేర్చుకున్నవాళ్లే ఇప్పుడు చర్చిలో పిల్లలకు నేర్పుతున్నారు. అక్కడే నేర్చుకుంటున్న నా కూతురికి నిన్న కొత్త గిటారు కొనిచ్చాను. ఇంటికి రాగానే లావు తీగ విప్పేసింది.

"ఏందే అది?"

"వాయించేముందు దీన్ని తీసేయాల కదా నాయనా!"