తొడిమ పైకి

అంబాజీపేట కొబ్బరి కొట్లలో యేసురత్నం గారి చేతిమీదుగా వెళ్ళని కాయ లేదంటే అతిశయోక్తే గానీ, మరీ పెద్ద అతిశయోక్తి కాదు. నలభై ఏళ్ళుగా గునపం మీద కాయలు వలుస్తూ, రాశులు పేరుస్తూ బతికిన మనిషి. ఆయన మనవరాలు రేచల్ విశాఖపట్నంలో శిల్పకళ చదువుతోంది. విద్యార్థుల పనుల్లో ఒక్కదాన్ని ఎంపిక చేసి, అక్కడి చిత్రకళా మ్యూజియం తోటలో శాశ్వతంగా ఉంచుతారట. ఎంపిక ఆ రోజే. అందుకని పట్టుబట్టి తాతను రప్పించింది.

"నాదేదో నువ్వే కనిపెట్టాలి తాతయ్యా! తోటంతా తిరుగుతూ ఉండు, ఇప్పుడే వస్తాను," అని గేటు దగ్గర వదిలేసి పరుగెత్తింది.

చర్చికి తొడిగే తెల్లచొక్కాలో పెద్దాయన షికారు మొదలుపెట్టారు. పచ్చిక దువ్వినట్టుంది. ఒక కంచు ఆవిడ తలకాయ లేకపోయినా మహా హుందాగా కూర్చుంది. ఇంకోచోట ఇనుప చట్రాలు ఒకదానిమీద ఒకటి పడున్నాయి. అది పనో, పనయ్యాక మిగిలిన సామానో అంతుపట్టలేదు. ఏదైనా మా పిల్లదే కావచ్చని ప్రతిదాన్నీ కాసేపు మెచ్చుకుని మరీ కదిలారు.

అడ్డదారిన పూలపొదలు దాటేసరికి కొబ్బరి రాశి కనబడింది. వలవని కాయలు, ఎటుపడితే అటు దొర్లిపోయి! ఆయన ప్రాణం ఉసూరుమంది. ఎవరో తోటమాలి ఒళ్ళు దాచుకుని పారేసి పోయాడనుకున్నారు. చొక్కా చేతులు మడిచి, చుట్టూ కట్టిన తాడు దాటి, ఒక్కో కాయనూ తొడిమ పైకి వచ్చేలా నిలబెట్టసాగారు.

సగం రాశి నిలబడేసరికి కాపలాదారు శ్యామ్ బాబు ఈల ఊదుకుంటూ వచ్చాడు.

"అయ్యయ్యో, ఏంటండీ ఈ పని! ఇది శిల్పమండీ! రేచల్ అనే అమ్మాయిది. సెలక్షన్ వాళ్ళు వచ్చేస్తున్నారు. అసలెవరితో వచ్చేరు మీరు?"

యేసురత్నం గారి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. పిల్ల కష్టమంతా తన చేతులతోనే నాశనం చేశారు.

"ఎవరితోనూ లేదండి, ఒక్కణ్ణే వచ్చేను. ఆ పిల్లెవరో నాకు తెలీదండి," అన్నారు. అబద్ధమాడడం అలవాటు లేని మనిషి, చేతిలో కాయకేసే చూస్తూ.

ఇంతలో ఎంపిక చేసే ముగ్గురూ రానే వచ్చారు. వాళ్ళ వెనకే రేచల్.

"ఎవరీయన?" అంది వాళ్ళలో పెద్దావిడ.

"మా తాతయ్యండి," అంది రేచల్, ఒక్క క్షణం తడుముకోకుండా. "కూలికి కాయలు వలుస్తారు. నేను కుప్పపోశానంతే. రాశి పేర్చడం ఆయనకే తెలుసు."

పెద్దావిడ ఆయన వైపు తిరిగింది. "ఎందుకండీ ఇలా నిలబెట్టారు?"

"తొడిమ కిందికుంటే కాయ తొందరగా పాడైపోద్దండి. పైకుంటే చాన్నాళ్ళు ఉంటాది."

"అయితే మిగతావి కూడా పేర్చండి, చూస్తాం," అని ఆవిడ పచ్చికలో చతికిలబడింది. ఆయన చేతుల వేగం చూడ్డానికి మిగతా ఇద్దరూ ఆవిడ పక్కనే కూర్చున్నారు. చివరి కాయ నిలబడగానే ఆవిడే చప్పట్లు కొట్టి, ఇక ఇది ఈ తోటదేనని ప్రకటించింది.

శ్యామ్ బాబు చెవిన వేసిన మాట విని రేచల్ తాత పక్కన కూలబడింది. "నన్ను తెలీదన్నావంట?"

"నీకు చెడ్డపేరు వస్తాదని భయమేసిందమ్మా."

రేచల్ లేచింది. చెయ్యి పట్టుకుని రాశికి అవతలి పక్కకు తీసుకెళ్ళింది. అక్కడ, దారివైపు, వారం కిందటే పాతిన బోర్డు ఉంది: "యేసురత్నం గారి రాశి".

పెద్దాయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. మళ్ళీ చదివారు. తర్వాత అంతమంది ముందూ నవ్వుతూనే బావురుమన్నారు.