తొట్టి నీళ్లలో మునగని ఓడ

మా చిన్నప్పుడు సముద్రం ఎలా ఉంటుందో తెలియకుండానే పిల్లలమంతా కలిసి ఓడ కట్టాం... పత్తికొండ దగ్గర పల్లెలో, వాన మొహం చాటేసిన ఏడాది, జొన్న దంట్లతో!

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కోస్తా నుంచి మా బడికి కొత్త అయివారు వచ్చారు. అంతకుముందు చేతిపనుల పీరియడ్ అంటే తకిలీ తిప్పడమే... నాకేమో అసలే కుదురు తక్కువ, దారం తెగితే తకిలీ విసిరికొట్టేదాన్ని. ఈయన తకిలీలు మూలన పెట్టించి, "టైటానిక్ అని పెద్ద ఓడ ఉండేదర్రా, ఎప్పటికీ మునగదనుకున్నారు. మొదటి ప్రయాణంలోనే మంచుకొండను గుద్దుకుని మునిగిపోయింది. అదెలాగో మీరే చేసి చూద్దురుగాని" అన్నారు.

ఇక చూడాలి మా హడావిడి! జొన్న దంటు ఒలిచి, లోపలి తెల్లటి బెండును తుమ్మముళ్లతో గుచ్చి గోడలు లేపాం. ఆముదం ఆకు కాడలు బోలుగా ఉంటాయి కదా... అవే పొగగొట్టాలు. కింద ఎర్రటి జాజు, పైన బొగ్గు పూశాం. మంచుకొండ దగ్గరే చిక్కొచ్చి పడింది. మంచుగడ్డను చూసిన మొహమా మాది? తెల్లగా ఉంటుందన్నారు గనక దూదితో చేసేశాం.

ఆ దూది తెచ్చింది హుసేనమ్మ... బడిలో నా పక్కనే కూర్చునేది. వాళ్లు దూదేకులవాళ్లు. తల్లి లేని పిల్ల, జేజే... అంటే నాయనమ్మే పెంచింది. ఆ జేజి అప్పుడు ఊళ్లో లేదు, బొంబాయిలో ఓడెక్కి హజ్జుకు వెళ్లింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, కొత్తగా వచ్చిన అయివారికి తప్ప.

కథ విన్న రోజు నుంచి హుసేనమ్మ కాలు కాలిన పిల్లిలా తిరిగింది.

"ముసలోళ్లు గూడా మునిగిపోయినారా అయివారూ?" అని అడిగింది. ఆయన అవునమ్మా అనేసి పాఠంలో పడ్డారు. ఇంటికి పోయే దారిలో నా జబ్బ పట్టుకుంది. "మా జేజి పోయిన తట్టు గూడా మంచుకొండలు ఉంటాయామ్మే?"

నాకేం తెలుసు, నా బొంద! ఉండవులే అని దబాయించాను.

ఓడ మునిగే రోజు రానే వచ్చింది. బడి పక్కన ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి, దాని దగ్గర అవి నీళ్లు తాగే తొట్టి... అదే మా సముద్రం. బావిగల రెడ్డి మమ్మల్ని చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఏమప్పా అయివారూ, తాగేకి నీళ్లు లేకుంటే నువ్వు ఓడలు ముంచుతాండావా?" అన్నాడు. అయినా పోలేదు, గట్టు మీదే గొంతుక్కూర్చున్నాడు.

అయివారు ఓడను వదిలారు. ఎదురుగా దూది కొండను పెట్టి కథ ఎత్తుకున్నారు. ఆయన మంచి రసపట్టులో ఉండగా దూది మెల్లగా నీళ్లు తాగి, బరువెక్కి, బుడుంగున మునిగింది... ఓడ మాత్రం తేలుతూనే ఉంది! బెండు మునుగుతుందా ఎక్కడైనా?

"కొండ మునిగె! కొండ మునిగె!" అని పిల్లలంతా ఒకటే అరుపులు. రెడ్డి అయితే పొట్ట పట్టుకుని నవ్వాడు. అన్ని రోజుల తర్వాత హుసేనమ్మ కూడా నవ్వింది.

అయివారికి పౌరుషం వచ్చింది. పాఠం పూర్తి కావద్దూ? చేతికందిన రాయి తీసుకుని ఓడ మీద పెట్టబోయారు. హుసేనమ్మ మొహం చూశాను... నెత్తుటి చుక్క లేదు. నా నోరు ఊరుకుంటుందా!

"రాయి పెట్టొద్దు అయివారూ! ఈ పాప వాళ్ల జేజి ఓడెక్కి పోయిండాది!"

ఆయన చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది. దాన్ని దూరంగా పడేసి, హుసేనమ్మ ముందు కూలబడ్డారు. "నాకెవరూ చెప్పలేదే తల్లీ... మీ జేజి వెళ్లింది ఎండ దేశాల దారి. అక్కడ మంచుకొండలు ఉండనే ఉండవు" అన్నారు. టైటానిక్‌లో అందరికీ సరిపడా చిన్న పడవలు లేకనే అంతమంది పోయారని కూడా చెప్పారు. అంతే, మర్నాటి నుంచి మా పని పడవలు చెయ్యడం... తలా ఒకటి చేస్తే హుసేనమ్మ మాత్రం పొద్దస్తమానం చేస్తూనే ఉండేది. బడి గూళ్లన్నీ పడవలే.

తర్వాత ఎదురుచూపులు. ఉత్తరం లేదు, కబురు లేదు. బస్సు హారన్ వినిపిస్తే చాలు, ఇద్దరం రోడ్డు మీద ఉండేవాళ్లం.

చివరికి హాజీల ఓడ క్షేమంగా బొంబాయి చేరిందని తెలిసింది. హుసేనమ్మ ఎగిరి గంతులేసింది. వాళ్ల నాయన డోన్ రైలు స్టేషన్‌కు ఎదురుపోయాడు. బస్సులోంచి ఆయన ఒక్కడే దిగాడు... చేతిలో జేజి జపం చేసుకునే తస్బీ పూసలు, ఒక బట్టల మూట.

ఆమెకు హజ్జులోనే జ్వరం తగిలిందని తోటి హాజీలు చెప్పారట. ఆ పుణ్యభూమిలోనే మట్టి చేశారట. పెద్దవాళ్లంతా "అట్లాంటి సావు ఎవురికొస్తాదప్పా, అదృష్టవంతురాలు" అన్నారు. హుసేనమ్మ ఏడవలేదు. నా వైపు తిరిగి అడిగింది...

"ఓడ మునగలేదు గదామ్మే... మల్ల మా జేజి యాడ?"

మొన్న మా మనవరాలు అదే ఓడ చేసింది. ముక్కలన్నీ కత్తిరించి పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు, అతికిస్తే చాలు. బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే, వాళ్లమ్మ ఫోన్‌లో దాని ఆటో ఏ వీధిలో ఉందో చూసుకుని నెమ్మదిస్తుంది. మంచిదే... కానీ నాకు ఇప్పటికీ బస్సు హారన్ వింటే కూర్చోబుద్ధి కాదు. మీరూ ఎవరికోసమైనా అలా రోడ్డు మీద నిలబడ్డారా? వాళ్లు వచ్చారా... చెప్పండమ్మా, ఒక్కరైనా వచ్చారని వినాలని ఉంది.