నిలబెట్టే మందు రాని ఏడు

నా చిన్నప్పుడు ఆలూరులో మా ఇంటి ముందరంతా అంగడి, వెనకంతా మేము. నడుమ జొన్నలు పోసుకునే గది ఒకటి. దానికి కిటికీ లేదు, వెలుతురు పడేటందుకు మిద్దెలో గవాక్షి ఒక్కటే ఉండేది. మా చిన్నాయన ఆ గవాక్షి మీద గోనెసంచి పరిచి, దాని మీద బండ పెట్టి, ఆ చీకట్లో ఫోటోలు కడిగేవాడు. బియ్యం, బెల్లం తూచే చేతులకు ఆ పని యాడ అబ్బిందో మాకెవరికీ తెలీదు. జొన్నలకు మందు వాసన పడుతుందని మా అవ్వకు రోజూ గొడవే. "రొట్టె తింటే ఫోటో మింగినట్టుండాది కదరా" అనేది.

ఆ పనికి రెండు మందులు కావాల. ఒకటి కాగితం మీద బొమ్మను పైకి తెస్తుంది. రెండోది ఆ బొమ్మను నిలబెడుతుంది. ఉప్పుగల్లు మాదిరి ఉండే ఆ రెండో మందును హైపో అనేవాడు చిన్నాయన. అందులో ముంచకపోతే, వచ్చిన బొమ్మ పగటి వెలుతురు సోకగానే నల్లబడిపోతుంది. ఈ మందులు మా ఊర్లో దొరికేవి కావు. ఆదోని అంగడాయన్ను అడిగితే బళ్లారి నుంచి రావాలనేవాడు, బళ్లారికి కబురు పెడితే మద్రాసు నుంచే రాలేదనేవాళ్లు. ఒకటి వస్తే ఇంకొకటి వచ్చేది కాదు. బస్సు వచ్చినప్పుడల్లా చిన్నాయన ఎదురు పోయి, ఉత్త చేతులతో తిరిగి వచ్చేవాడు.

ఆ ఏడు వానా రాలేదు, హైపో రాలేదు.

పక్క పల్లె నుంచి సంతకొచ్చే ఒకాయమ్మ, కొడుక్కు పుట్టెంటికలు తీయించిన దినమే మా గడప మీద కూర్చోబెట్టి చిన్నాయన చేత ఫోటో తీయించింది. గుండుకు గంధం, ఒంటి మీద తెల్ల చొక్కా. మందు వచ్చినాక కడిగి ఇస్తానని చెప్పి పంపినాడు చిన్నాయన. మందు రాకముందే పిల్లోనికి జరం వచ్చింది. కర్నూలుకు ఎత్తుకపోతాంటే దారిలోనే పోయినాడు.

పంట ఎండిపోయినోళ్లంతా సుగ్గికని, కూలి దొరికే దూరపు ఊర్లకు లారీలెక్కి పోతాండిరి. ఆయమ్మ మొగుడు కూడా మూటలు కట్టినాడు. పోయే దినం పొద్దున ఆమె వచ్చి మా అంగడి మెట్టు మీద కూలబడింది. "ఒక్కసారి చూపించప్పా, పోతాండాము" అనింది.

మా నాయన తమ్ముని చెవిలో మెల్లగా, "గుండు పిల్లోళ్లంతా ఒకటే మాదిరి ఉంటారు, ఇంకెవరిదన్నా ఇచ్చి పంపరాదా" అన్నాడు. చిన్నాయన ఆయన వైపు కూడా చూడలేదు. ఆమె ముందర గొంతుక్కూర్చొని ఉన్నదున్నట్టు చెప్పినాడు. "ఒక మందే ఉండాదమ్మా. ఇప్పుడు కడిగితే కనపడతాడు గానీ నిలవడు, ఫిలిం కూడా మిగిలేది నమ్మకం లేదు. మీరు తిరిగొచ్చేలోపల రెండోది వస్తే ఎప్పటికీ ఉంటాడు. ఆగుతావా?"

మా అవ్వ కూడా ఆగమనింది. ఆయమ్మ తల అడ్డంగా ఊపింది. "వాని మొగం మర్చిపోతాండానప్పా. గుండు గుర్తొస్తాది, గంధం గుర్తొస్తాది, మొగం రాదు. తిరిగొచ్చేదాక నాకేం మిగులుతాది?"

చీకటి గదిలో ఆడమనిషితో చిన్నాయన ఒక్కడే ఉంటే బాగుండదని మా అవ్వ నన్ను కూడా లోపలికి తోసింది. లాంతరుకు ఎర్ర కాగితం చుట్టి ఉన్నింది. చిన్నాయన ముందు ఫిలిం కడిగి, దాని కింద కాగితం పెట్టి ఒక్క క్షణం వెలుతురు చూపించి, ఆ కాగితాన్ని పళ్లెంలో మందు నీళ్లలో వేసినాడు. మొదట కండ్లు వచ్చినాయి. ఆ తర్వాత నోరు, చెవులు, మా గడప. "నా దిక్కే చూస్తాండాడు," అనిందామె. "నువ్వు ఫోటో తీసేటప్పుడు నీ పక్కన నిలబడి చప్పట్లు కొడితినప్పా."

ఎంతసేపు చూసిందో. బయట మా నాయన తలుపు కొట్టి, "ఏమప్పా, అంగడి నాకొదిలేసి లోపల కాపురం పెట్టినావా?" అని అరిచినాడు. లారీ హారన్ కూడా వినపడింది. చిన్నాయన తలుపు తీయలేదు. ఇంక చాలమ్మా అనలేదు. జొన్నల మూట మీద కూర్చొని, తల వంచుకొని ఉండిపోయినాడు.

చివరకు ఆయమ్మే అనింది. "వెలుతురులో చూస్తానప్పా. ఈ ఎరుపులో జరం వచ్చిన దినం మాదిరే ఉండాడు."

"పోతాడమ్మా" అన్నాడు చిన్నాయన.

"పోయినోడే కదప్పా" అనిందామె.

చిన్నాయన ఫిలింను నల్ల కాగితంలో చుట్టిపెట్టి తలుపు తీసినాడు. ఆమె తడి కాగితాన్ని రెండు చేతుల్లో పట్టుకొని ఎండలోకి పోయింది. గంధం గుండు, తెల్ల చొక్కా, బుగ్గలు, తెల్లగా ఉన్నదంతా వంకాయ రంగుకు తిరిగింది. ఆ రంగులో కండ్లు కొంచెంసేపు నిలిచినాయి. అవి కూడా కలిసిపోయేదాక రెప్ప వేయకుండా చూసి, కాగితం మడిచి రవికలో పెట్టుకొని లారీ దిక్కు పోయింది.

ఎండలు ముదిరినాక హైపో వచ్చింది. చిన్నాయన దాచిన ఫిలిం విప్పితే అప్పటికే అంతా మసి. సుగ్గికి పోయినోళ్లు తిరిగొచ్చినారు గానీ ఆయమ్మ మళ్లా మా మెట్టెక్కలేదు. ఆగి ఉంటే బాగుండునని మా అవ్వ అన్నప్పుడల్లా చిన్నాయన అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

తప్పో ఒప్పో నేను ఈనాటికీ తేల్చుకోలేదు. ఆయన జొన్నల మూట మీద కూర్చున్న తీరు మాత్రం నాకు అబ్బింది. చావు జరిగిన ఇంట్లో నేను ఎవర్నీ లెమ్మనను, ఊరుకొమ్మనను. మొన్న మా కోడలి తల్లి పోయింది. ఆ పిల్ల ఫోన్లో అమ్మ ఫోటో పెట్టుకొని గోడకు ఆనుకొని కూర్చుంటే, ఆమె చేతిలోనుంచి ఫోన్ లాక్కోండి అని అందరిదీ ఒకటే పోరు. నేను వాళ్లను అవతలికి పంపి ఆమె పక్కన చతికిలబడినాను. మోకాళ్లు పట్టేసినాయి. "అత్తా, మీరు పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నారా" అని తనంతట తాను అడిగేదాక నేను కదల్లేదు.